షూస్ విప్పి రా

"బూట్లు విప్పి రా అమ్మాయ్, పాలు పొంగిపోతున్నాయి" అని మా అత్తగారు కేకేశారు.

నేను ముందుగదిలో చాప మీద ఉన్నాను. గాల్లో కుర్చీ ఉన్నట్టు మోకాళ్ళు వంచి, చేతులు ముందుకు చాచి నిలబడ్డాను. ఫోన్‌లో వ్యాయామం నేర్పే అమ్మాయి "ఇంకొంచెం కిందికి, మీరు చేయగలరు" అంటోంది. ఈమధ్య కాలంలో నేను ఏదైనా చేయగలనని నాతో అన్నది ఆ అమ్మాయి ఒక్కతే, అదీ నేనెవరో తెలియక. కేక వినగానే గబుక్కున కూలబడి లేసులు లాగాను. తొందరలో ముడి ఇంకా బిగుసుకుంది. ఎలాగో విప్పి వంటింట్లోకి పరిగెత్తేసరికి పాలు గిన్నె దాటి, గట్టు దాటి, నేల మీదికి కారుతున్నాయి. అత్తగారు వంటింటి గుమ్మం పక్కనే కుర్చీలో ఉన్నారు. మా ఆయనైతే చెయ్యి చాస్తే స్టవ్ అందేంత దూరంలో, ఫ్రిజ్‌కి ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నారు. "అమ్మ చెప్తూనే ఉంది, విన్నావా నువ్వు?" అన్నారు. నేను స్టవ్ ఆపి, గుడ్డ తెచ్చుకుని, నేల తుడుస్తూ "సారీ అండీ" అన్నాను. పాలకి కూడా నేనే సారీ చెప్పే మనిషిని.

మా ఇంట్లో చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి. ముందుగది వరకు ఎవరైనా మర్చిపోయి వేసుకొస్తే ఒక మాటతో పోతుంది గానీ, వంటింట్లోకి మాత్రం కాలికి ఏదున్నా రావడానికి వీల్లేదు. అది అత్తగారి చట్టం. ఇవి వీధి మొహం చూడని షూస్ అత్తయ్యా, ఇంట్లో వ్యాయామానికే కొన్నాను అని చెప్పి చూశాను. "బూటు బూటే" అన్నారావిడ. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

మర్నాడు మళ్ళీ అదే కేక. ఈసారి గుడ్లు. "నీళ్ళన్నీ ఇగిరిపోతున్నాయి, రా." నేను ఒంటికాలి మీద నిలబడి ఉన్నాను. కాలు దించకుండానే, ఎందుకన్నానో నాకే తెలియదు గానీ, "షూస్‌తో ఉన్నానత్తయ్యా" అన్నాను. కాసేపటికి స్టవ్ ఆపిన టిక్కుమనే చప్పుడు వినిపించింది. ఎవరో ఆపారు. నేను కాకుండా ఎవరో! పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చప్పుడు నేను ఇంకో గదిలోంచి వినడం అదే మొదటిసారి.

ఈ షూస్ కథ మొదలైంది నా ఉద్యోగం దగ్గర. నేను షూస్ అమ్మే షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్ళ పాదం కొలిచి, సైజు తెచ్చి, తొడిగి, లేసు కట్టడం నా పని. స్టూలు ఉంది గానీ స్టూలు మీద కూర్చుంటే కాలు సరిగ్గా అందదు, మోకాళ్ళ మీదే కూర్చోవాలి. మగ కస్టమర్లు ఫోన్‌లోంచి కళ్ళు తీయకుండా కాలు చాస్తారు. "నువ్వు తొడిగితే ఎవరూ కొనకుండా పోరు" అని మేనేజరు అందరిముందూ మెచ్చుకుంటాడు. అది మెచ్చుకోలో, ఇంకేమిటో తేల్చుకునేలోపు ఇంకో కాలు ముందుకొస్తుంది. భార్యాభర్తలు వచ్చినప్పుడు ఇంకో తమాషా. ఆవిడకి తొడిగి, వేళ్ళ దగ్గర బిగుతుగా ఉందా అని ఆవిడనే అడుగుతాను. "సరిపోయిందిలే" అని ఆయన చెప్తాడు.

అలా లేస్తూ, కూర్చుంటూ ఉండగా ఒకరోజు కళ్ళు తిరిగి డబ్బాల వరస మీద పడ్డాను. పరీక్షలు చేస్తే షుగరని తేలింది. ఎప్పటినుంచో ఉండి ఉంటుందన్నారు డాక్టరమ్మ. నన్ను బల్ల మీద పడుకోబెట్టి, "కళ్ళు మూసుకో. అరికాలికి దారంలాంటిది ఆనిస్తాను, తగిలినప్పుడల్లా చెప్పు" అన్నారు. కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. చాలాసేపు చూసి, "ఇంకా మొదలుపెట్టలేదా అండీ?" అనడిగాను.

"అయిపోయిందమ్మా" అన్నారావిడ.

అరికాళ్ళలో స్పర్శ బాగా తగ్గిపోయిందట. రోజూ వ్యాయామం చెయ్యాలి, బయటికెళ్ళడం కుదరకపోతే ఇంట్లోనే చెయ్యి, కానీ షూస్ వేసుకునే చెయ్యి, ఒట్టి కాళ్ళతో ఇంట్లో కూడా తిరగకు, ఏదైనా గుచ్చుకున్నా నీకు తెలియదు అని మరీ మరీ చెప్పారు. మా ఆయన అప్పుడు బయట బండి దగ్గర ఉన్నారు. ఇంటికొచ్చాక అన్నీ చెప్పాను. "సరే సరే, చెయ్యి" అన్నారు.

అందుకని చేస్తున్నాను. చేసే కొద్దీ నాకు ఇంకో సంగతి అర్థమైంది. షూస్ ఉన్నంతసేపూ నేను ఇంట్లోనే ఉండి కూడా ఇంట్లో లేను. అత్తగారి చట్టమే నాకు గొడుగు పట్టింది. "అమ్మా, నా చున్నీ ఎక్కడ?" అని మా అమ్మాయి అరిచేది, నేను పలకకపోతే అదే వెతుక్కునేది. మా ఆయన టీ చల్లారిపోయేది, లేదా అసలు పుట్టేదే కాదు. "కల్నల్ గారి పరేడ్ అయిందా?" అని ఎగతాళి చేసేవారు. నేను నవ్వేదాన్ని. ఆ కాస్త సమయం కోసం రాత్రి పడుకునేటప్పుడే ఎదురుచూసేదాన్ని. షుగరొచ్చినందుకు సంతోషపడిన ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో అనుకునేదాన్ని.

ఆయన కోప్పడితే బాగుండేది. కోపానికి ఎలా తల వంచుకోవాలో నాకు తెలుసు. ఆయన ప్రేమగా మాట్లాడడం మొదలుపెట్టారు.

"మనిషి షూస్ వేసుకుని పుట్టాడా చెప్పు?" అన్నారొకరోజు. ఫోన్ పట్టుకుని కూడా పుట్టలేదు అనుకున్నాను గానీ అనలేదు. ఒట్టి కాళ్ళతో వ్యాయామం చేస్తే పాదంలో కండరాలు గట్టిపడతాయట, నిలకడ వస్తుందట, షూస్ వేసి వేసి పాదాలు బద్ధకిస్తాయట. వరసగా వీడియోలు చూపించారు. ఆయన మాత్రం పొద్దున్న వాకింగ్‌కి నేను మా షాపు నుంచి తెచ్చిన మెత్తటి షూస్ వేసుకునే వెళ్తారు. డాక్టరమ్మ వద్దన్నారు కదండీ అంటే, "డాక్టర్లు అందరికీ ఒకే మాట చెప్తారు. ఒట్టి కాళ్ళతో చేస్తేనే నరాలు మేలుకుని స్పర్శ తిరిగొస్తుందట. నీ మంచికే చెప్తున్నాను" అని నా కాలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. బొటనవేలితో అరికాలు నొక్కి, "తెలుస్తోందా?" అనడిగారు.

నేను ఆయన వేలు కదలడం చూస్తున్నాను. కంటికి కనిపిస్తోంది కాబట్టి, తెలుస్తోందన్నాను. ఆయన నా కాలు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. ఇంకాసేపు ఆయన అలాగే పట్టుకోవాలని తెలుస్తోందన్నాను. స్పర్శ తిరిగొస్తే బాగుండునన్న ఆశ కూడా ఉంది, లేదనను.

మర్నాడు షూస్ వేసుకోలేదు. చాప మీద రెండు సార్లు వంగి లేచానో లేదో, వంటింట్లోంచి ఆయన గొంతు: "ఎలాగూ షూస్ లేవుగా, ఒక్కసారి వచ్చి ఆ టీ పెట్టిపో."

ఎలాగూ అన్నారు. ఆ ఒక్క మాటతో ఆ వీడియోలన్నీ, ఆ ఒళ్ళో పెట్టుకోవడం అంతా నాకు అర్థమైపోయింది. అర్థమయ్యాక ఏం చేశానంటే, వెళ్ళి టీ పెట్టాను. అత్తగారే నయం, వంటింట్లోకి బూట్లతో రావద్దని మొహం మీద చెప్పారు. ఈయన నా మంచికేనని చెప్పి విప్పించారు. కానీ ఒకసారి సరేనన్నాక మళ్ళీ షూస్ వేసుకోవాలంటే కారణం చెప్పాలి. నాకు టీ పెట్టడం ఇష్టంలేదు అనేది ఏ ఇంట్లోనూ కారణం కాదు. అలా ఒట్టి కాళ్ళ వ్యాయామం సాగింది. ఫోన్‌లో అమ్మాయి "ఊపిరి పీల్చండి" అనేటప్పుడు నేను స్టవ్ దగ్గర, "వదలండి" అనేటప్పుడు మా అమ్మాయి గదిలో ఇస్త్రీ దగ్గర. నేను లేని చాప ముందు ఆ అమ్మాయి ఒక్కతే చెమటోడ్చేది.

ఒక పొద్దున్న మా ఆయన చేతిలోంచి గాజు గ్లాసు జారి వంటింట్లో పగిలింది. "ఏం పర్లేదు, ఎత్తేశాను" అన్నారు. పెద్ద ముక్కలు ఎత్తేశారు, నిజమే. నేను రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళొచ్చాను, అమ్మాయి గదిలోకి వెళ్ళొచ్చాను, ఆరేసిన బట్టలు తెచ్చి పడేశాను, మళ్ళీ చాప మీదికొచ్చి గెంతుతున్నాను. "అమ్మా, నేల మీద ఇదేంటి?" అంది మా అమ్మాయి.

చూస్తే ఎర్రటి మరకలు. చాప మీద, గుమ్మం దగ్గర, వంటింట్లోకి, అక్కడి నుంచి దాని గదిలోకి. "నీకేమైనా తెగిందా? కాలు చూపించు" అని దాన్ని కూర్చోబెట్టి రెండు పాదాలూ తిప్పి చూశాను. ఏమీ లేదు. అత్తగారి దగ్గరికి పరిగెత్తి ఆవిడ కాళ్ళ దగ్గర వంగాను. ఆవిడ కుర్చీలోంచి లేవనే లేదట. "ఏమండీ, మీకేమైనా గుచ్చుకుందా?" అని ఆయన్నడిగాను. ఆయన చెప్పులు వేసుకుని వరండాలో ఉన్నారు. నేను వెళ్ళినచోటికల్లా మరకలు నాతోపాటే వస్తున్నాయి.

మా అమ్మాయి ఏడుపు గొంతుతో, "అమ్మా, నీ కాలు చూసుకోవే!" అంది.

ఎడమ మడమలో గాజుముక్క లోపలికి దిగిపోయి ఉంది. వేలెడంత గాటు. నేను దాన్ని ఎవరి కాలో చూసినట్టు చూశాను. "ముందు ఆ నేల తుడవండి, ఎవరైనా జారిపడతారు" అని అత్తగారు అంటుంటే, నేనే లేచి తుడుపుకర్ర కోసం వెళ్ళబోయాను. మా అమ్మాయి నా భుజాలు పట్టుకుని కూర్చోబెట్టేసింది.

డాక్టరమ్మ గాజు తీసి కుట్లు వేస్తూ, "ఒట్టి కాళ్ళు వద్దని అంతగా చెప్పానే, షూస్ ఎందుకు విప్పావు?" అన్నారు.

"తనకి షూస్ అంటే ఇబ్బంది డాక్టర్‌గారూ" అన్నారు మా ఆయన నా పక్కనుంచి. "ఒట్టి కాళ్ళే హాయిగా ఉంటాయంటుంది. చెప్తే వినదు."

ఎంత నునుపుగా చెప్పారంటే, నిజంగా నేనే అన్నానేమో అని ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. ఆ అనుమానానికే భయమేసింది. మడమలో గాజు దిగితే తెలియలేదు సరే, ఇది కూడా తెలియకపోతే ఎలా అనుకున్నాను.

"నేను అనలేదు డాక్టర్‌గారూ" అన్నాను. "షూస్ ఉంటే నేను వంటింట్లోకి వెళ్ళకూడదు. నేను వెళ్ళకపోతే ఈయనకి టీ ఉండదు. అందుకని విప్పించారు."

డాక్టరమ్మ ఆయన వైపు చూసి, "మీరు కాస్త బయట కూర్చోండి" అన్నారు.

ఇంటికెళ్ళే దారంతా ఆయన ముందుకే చూస్తూ మాట్లాడారు. "పరాయివాళ్ళ ముందు పరువు తీశావు. ఒక్క టీ కోసం నేను నీ కాలు కోయించానన్నట్టు చెప్పావు." ఒక్క టీ కాదు అనుకున్నాను.

తర్వాత మంచం. కాలు కింద పెట్టకూడదన్నారు. ఇల్లు నడిచింది, ఎలా నడిచిందంటే, "ఉప్పెక్కడుంది?", "మిషన్‌లో బట్టలకి ఏ మీట నొక్కాలి?", "అమ్మా, చీపురు?" అని గోడల అవతల నుంచి నన్ను అడిగి అడిగి నడిచింది. కాలికి మాత్రమే సెలవిచ్చారు. షాపు నుంచి మేనేజరు కూడా ఫోన్ చేసి, చిన్న సైజులు ఏ అరలో పెట్టావు అనడిగాడు. "మళ్ళీ ఎప్పటికి మామూలవుతావు?" అని మా ఆయన రోజూ అడిగేవారు. ఆ మామూలు అనే మాట వింటే దుప్పటి మొహం మీదికి లాక్కునేదాన్ని.

ఒక మధ్యాహ్నం అందరూ బయటికెళ్ళాక అత్తగారు వచ్చి మంచం చివర కూర్చున్నారు. నా కాలి కట్టు వైపు చూశారు.

"అంత లోపలికి దిగితే నిజంగా తెలియలేదా?"

"తెలియలేదత్తయ్యా. ఆ గాజే కాదు, అసలేదీ తెలియదు."

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నాకూ తెలియదు" అన్నారు. "చాలా ఏళ్ళయింది. దూది మీద నడుస్తున్నట్టే ఉంటుంది."

నేను లేచి కూర్చున్నాను. "ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? మీ మామగారు ఉన్నప్పుడు ఒకసారి అన్నాను. పని చేసేవాళ్ళ కాళ్ళు అంతేలే అన్నారు. అంతేనేమో అనుకున్నాను."

ఒకసారి సలసల కాగే నీళ్ళు ఆవిడ పాదం మీద ఒలికితే, ఆవిడ అరవకుండా నిలబడడం గుర్తొచ్చింది. అత్తయ్యకి ఎంత ఓర్పో అని మేమంతా చెప్పుకున్నాం. ఆ మాట వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పింది నేనే.

"కాళ్ళు ఇటు పెట్టండి" అన్నాను. "ఛీ, ఊరుకో" అని లాక్కున్నారు. "రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను, మీవి పట్టుకుంటే తప్పా?" అని ఆవిడ పాదం నా ఒళ్ళోకి తీసుకున్నాను. పగుళ్ళు బెరడులా ఉన్నాయి. వేళ్ళ సందు విడదీసి చూస్తే, లోపల నల్లగా మాడినట్టు, చుట్టూ ఎర్రగా ఒక పుండు.

"అత్తయ్యా, ఇదెప్పటిది?"

"ఏది?" అన్నారావిడ.

ఆ సాయంత్రం మా ఆయన బండి తాళాలు తగిలిస్తుండగా చెప్పాను. "రేపు అత్తయ్యని డాక్టరమ్మకి చూపించాలి. నేను తీసుకెళ్తాను. మీరు రావక్కర్లేదు."

"నువ్వా? కుంటుకుంటూనా?"

"షూస్ వేసుకుంటాను. మొన్న కట్టు మార్చినప్పుడు డాక్టరమ్మ ఇక నడవచ్చన్నారు."

"బాగుంది. పొద్దున్నే ఇద్దరూ వెళ్ళిపోతే ఎలా? పిల్ల స్కూలు, వంట, బట్టలు... ఇంట్లో ఎవరుంటారు?"

"మీరున్నారుగా" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు, ఆ మాట ఇంకెవరితోనైనా అన్నానేమో అని.