మూడో పేరు కింద

ప్రెస్సు నుంచి పుస్తకాల కట్టలు వచ్చిన పూట గోపమ్మ పాఠం ముగించుకుని స్టాఫ్ రూముకి వచ్చి, పై కట్టలోంచి ఒకటి లాగింది. తమిళనాడు ధర్మపురిలోని ఆ క్రైస్తవ కళాశాలలో నగర అధ్యయన శాఖ తెరిచి నెల కూడా కాలేదు. పల్లెలు వదిలి పట్నాలకు చేరే కూలీల బతుకుల గురించి చదువు చెప్పే శాఖ. 1985లో ఆ చుట్టుపక్కల అలాంటిది ఇంకొకటి లేదని ప్రిన్సిపాల్ రాజమాణిక్కం గారికి గొప్ప. గురువారం మద్రాసు నుంచి కళాశాలను నడిపే సంఘం పెద్దలు చూడటానికి వస్తున్నారు. వాళ్ల చేతుల్లో పెట్టడానికే శాఖను పరిచయం చేసే ఈ పుస్తకం.

నాలుగో పేజీలో అధ్యాపకుల వివరాలు. మొదటి పేరు శాఖ పెద్ద ధర్మరాజ్‌ది. చదివిన చదువులు, విదేశంలో రెండేళ్లు, అచ్చయిన వ్యాసాలు వరసగా ఉన్నాయి. రెండోది కేశవన్‌ది. మునిసిపాలిటీలో ఇరవై ఆరేళ్ల అనుభవం. మూడో పేరు తనది. దాని కింద ఇలా ఉంది: "రాళ్లు కొట్టే తండ్రికి, సిమెంటు మోసే తల్లికి గుడిసెలో పుట్టిన బిడ్డ. మన హాస్టల్ దయతో చదువుకుంది. మనం అధ్యయనం చేసే ప్రజలకు సజీవ ఉదాహరణ."

అంతే. మద్రాసులో మొదటి శ్రేణిలో పాసైన ఎం.ఏ. లేదు. బెంగళూరు మురికివాడల్లో నాలుగేళ్లు గడపగడపా ఎక్కి చేసిన సర్వే లేదు. ధర్మరాజ్ పాఠాలు చెబుతున్నదే ఆ సర్వే కాగితాలు ముందు పెట్టుకుని.

పక్కన ఒక ఫోటో. అది కూడా తనది కాదు, తల్లి అక్కమ్మది. భుజం దగ్గర చినిగిన చీరలో, గుడిసె ముందు నిలబడి ఉంది. కింద "దయ అందుకున్న కుటుంబం" అని వేశారు. పోయిన వారం విద్యార్థులను వెంటబెట్టుకుని తమ వీధికి వచ్చిన ధర్మరాజ్‌కి అక్కమ్మ మజ్జిగ ఇచ్చింది. తీసింది అప్పుడే అయ్యుండాలి. గోపమ్మ పుస్తకం సంచిలో పెట్టుకుంది. తర్వాతి పాఠం ఏం చెప్పిందో తనకే తెలియదు.

సాయంత్రం ఇంటికి పోయి ఫోటో చూపించింది. అక్కమ్మకు ఏ లిపీ చదవడం రాదు. బొమ్మను చాలాసేపు చూసింది.

"చీర మార్చుకొని వస్తాను, రొంత ఉండయ్యా అంటిని. ఒద్దు, ఇదే బాగుంది అన్నాడు. చినిగిన పక్కన కొంగు కప్పుకుంటే అది తీసెయ్యమన్నాడు" అంది. "కింద ఏం రాసినారు పాపా?"

గోపమ్మకు అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు. వాళ్ల దయ మనకు అందిందని రాసినారు అని చెప్పింది.

"ఆ హాస్టల్ గోడలు లేచేటప్పుడు రెండేండ్లు సిమెంటు మోసినాను, ఎండలో. వాళ్లు నాకు ఏం దయ చేసినారు?" అక్కమ్మ గొంతు పెంచలేదు. అదే గోపమ్మను ఎక్కువ మండించింది.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లేసరికి ధర్మరాజ్ అక్కడే కాఫీ తాగుతున్నాడు. తలుపు దగ్గర కేశవన్ ఏదో సంతకం కోసం నిలబడి ఉన్నాడు. గోపమ్మ పుస్తకం బల్ల మీద తెరిచి, ఆ పేజీ తీసేయమని తమిళంలో అడిగింది. రాజమాణిక్కం గారు నవ్వారు. ధర్మరాజ్‌ని ఆయన మీరు అంటారు. ఆమెను నువ్వు అంటారు.

"ఇది అవమానం కాదమ్మా, సాక్ష్యం. నిన్ను చూసి ఎంతమంది ధైర్యం తెచ్చుకుంటారు. ఇందులో అబద్ధం ఒక్కటి చూపించు."

"అబద్ధం లేదు సార్. ధర్మరాజ్ సార్ నాన్నగారు ఏం పని చేసేవారో ఇందులో లేదు. మీ నాన్నగారి పనీ లేదు. మా నాన్న పని ఒక్కటే రాశారు. నా చదువు ఒక్కటే రాయలేదు."

చదివేవాళ్ల మనసు కరగాలంటే ఇలాంటివి ఒకటి రెండు ఉండాలనీ, ఆమె ఊరికే ఆవేశపడుతోందనీ ధర్మరాజ్ కప్పు దించకుండానే అన్నాడు. గోపమ్మ ఆయన వైపు తిరిగింది. సర్వే కాగితాలు ఈ రోజే బీరువాలోంచి తీసుకుపోతున్నానని చెప్పింది. గురువారం పెద్దలు అడిగితే అవి ఎవరివో, ఈ ఫోటో ఎలా తీశారో తానే చెబుతానంది.  

ఎవరూ అనుకోని విధంగా తలుపు దగ్గరి కేశవన్ నోరు తెరిచాడు. "మా నాయన కారిమంగళం సంతలో చింతపండు అమ్మేవాడు సార్. ఆమెది ఉంచితే నాదీ వేయండి."

 ధర్మరాజ్ కప్పు కింద పెట్టాడు.

బుధవారం ప్రిన్సిపాల్ చెప్పినట్టు అటెండర్ మునియన్ వరండాలో కూర్చుని బ్లేడుతో ప్రతి పుస్తకంలో నాలుగో పేజీ కోశాడు. ముగ్గురి వివరాలూ పోయాయి. ఆమె చదువు రాసి మళ్లీ అచ్చు వేయించడం ఎవరికీ తోచలేదు. తప్పయిందని ఎవరూ అనలేదు. కోసిన పేజీలు బజారులో పొట్లాలవుతాయని గోపమ్మ అన్నీ ఏరి సంచిలో వేసుకుంది.

గురువారం వచ్చిన పెద్దల్లో ఒకాయన, గోపమ్మ తెచ్చి బల్ల మీద పెట్టిన సర్వే పట్టికలు చూసి మెచ్చుకుని, ఎవరు చేశారని అడిగారు. ధర్మరాజ్ గొంతు సవరించుకున్నాడు. గోపమ్మ అప్పటికే లేచింది.

"నేను. నాలుగేళ్లు."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని ఒక్కో పట్టిక గురించీ అడిగారు. గంట సేపు చెప్పింది. ధర్మరాజ్ ఆ తర్వాత ఏడాదంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె పాఠాలన్నీ భోజనాల తర్వాతి ఎండవేళకు మార్పించాడు. ఆమె ఉద్యోగం పోలేదు. ఆమెలో కోపమూ పోలేదు.

ఆ గురువారం సాయంత్రం అక్కమ్మ పెరట్లో నీళ్ల పొయ్యి ముట్టించి, ఆ పేజీలు ఒక్కొక్కటే మంటలో పెట్టింది. ఒకదాన్ని వెలుగుకు పట్టి చూసింది.

"మొగం బాగనే వచ్చింది" అంది. దాన్నీ మడిచి పొయ్యిలో తోసింది.