పై పొర

చెరువు బురద మా ఆయన లుంగీని మూడు నీళ్లు జాడించినా వదలదు. కుళాయి కింద బకెట్లో ముంచి తీస్తుంటే మా అమ్మ చెయ్యి గుర్తొస్తుంది. ఆత్రేయపురంలో మా పెరట్లో, బోర్లించిన వేడి కుండ మీద పిండినీళ్లలో తడిపిన గుడ్డ పరిచి తీస్తే చాలు, పొగలాంటి పూతరేకు లేచేది. నా కంటికి రేకులన్నీ ఒకటే. అమ్మ మాత్రం వేలు ఆనించి, "ఇది నిన్నటి పిండి కాదే" అనేది.

నిన్న భీమవరంలో డాక్టర్ హైమ గారు కూడా దాదాపు అదే మాట అన్నారు. పోయినేడూ ఇప్పుడూ నా నమూనాలు పరిశోధనకు పంపించారావిడ. "క్రిమి అదే జాతమ్మా, కానీ రకం వేరు. దాని పై పొరలో ఒక ప్రొటీన్ ఉంటుంది. దాని జన్యువు అప్పటిదీ ఇప్పటిదీ కలవడం లేదు. పాతది తిరగబెట్టడం కాదిది, కలయికవల్ల మళ్లీ కొత్తగా అంటుకుంది. గర్భసంచి ట్యూబుల్లో ఒకటి ఎలాగూ మూసుకుపోయింది. ఇలాగే వస్తుంటే రెండోదీ దక్కదు."

కొత్తగానట. నేను గుడికి వెళ్లినా అత్తగారు వెంట ఉంటారు. మా ఆయన గణేష్‌బాబు గారు రొయ్యపిల్లల కోసం హేచరీకి వెళ్తే మూడేసి రోజులు అక్కడే. పోయినేడు డాక్టరు ఆయన్నీ మాత్రలు వాడమన్నారంటే, "నాకు నొప్పా, మంటా? మాత్రలు నీకు, నువ్వు మింగు" అన్నారు. "ఒంట్లో వేడమ్మాయ్, సబ్జా నానబెట్టుకు తాగు" అన్నారు అత్తగారు. పిల్లల్లేరని మళ్లీ నన్నే అంటారు. తాగాను. నమ్మాను కూడా. తలుచుకుంటే నామీద నాకే కోపమొస్తుంది.

లుంగీ నీళ్లలో ఉబ్బి తేలుతోంది. నాలో ఎక్కడో ఆ క్రిమి పలచని కొత్త రేకు కప్పుకుని పడుకున్నట్టు అనిపించింది. భయం వెయ్యలేదు. అది కొత్తదన్న సంగతి దాని ఒంటిమీదే రాసి ఉంది. ఈ ఇంట్లో నాకు నిజం చెప్పింది అదొక్కటే.

ఆయన బండి ఆగింది. చేతిలో కాగితం.

"రేపు సీడ్ వస్తోందే. పీసీఆర్ రిపోర్టు నెగెటివ్, వైరస్ లేదంట. రిపోర్టు చూడకుండా రొయ్యపిల్లని వదిలితే చెరువంతా పోద్ది" అన్నారు సంబరంగా.

లుంగీ బకెట్లోనే వదిలేశాను. చేతులు తుడుచుకుని, హైమ గారు ఆయనకు రాసిచ్చిన పరీక్ష చీటీ ఆ కాగితం మీద పెట్టాను.

"నాకెందుకే?" అన్నారు.

"నాకు మిగిలింది ఒక్క ట్యూబేనండి" అన్నాను. "పరీక్ష చేయించుకుని మందులు వాడండి. రిపోర్టు చూడందే నేనూ దగ్గరికి రానివ్వను."