మూతికి చిక్కం

మూడింటికి బస్సు వస్తుందనగా ఒంటిగంటకే మేనేజరు ముసలాయన్ని ఎడ్ల దగ్గర్నుంచి కదిలించి, కాయలు ఒలిచే రేకుల షెడ్డుకు పిలుచుకొచ్చాడు. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. ముసలాయన పొద్దున ఆరింటి నుంచి ఆ ఎడ్ల పక్కనే నిలబడి ఉన్నాడు. సేద్యం చెయ్యడానికి కాదు. ఆ ఎడ్లు నాగలి మొహం ఎరగవు. ఒక పూట పల్లె చూసిపోదామని పట్నం నుంచి వచ్చేవాళ్ళు ఫొటోలు దిగడానికి వాటిని కడిగి, కొమ్ములకు నూనె రాసి ఉంచుతారు. ఫొటోలో రైతు కూడా ఉండాలి కాబట్టి ముసలాయనకు ఉతికిన చొక్కా, ఎర్ర తలగుడ్డ ఇచ్చారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఆ రెండూ స్టోరులో అప్పజెప్పి, తన చిరుగుల చొక్కా తను తొడుక్కుని ఇంటికి పోవాలి.

షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్ళు రెండు వరసలుగా కూర్చుని వేరుశెనగ కాయలు ఒలుస్తున్నారు. కళ్ళముందు ఒలిచిన గింజలంటే పట్నంవాళ్ళకు మోజు. పొట్లం కట్టి ఇస్తే బజారు ధరకు మూడింతలిచ్చి కొనుక్కుపోతారు. కాయల మీద కాసిని నీళ్ళు చల్లితే పొట్టు మెత్తబడి వేళ్ళకు సుఖంగా ఉంటుంది. కానీ టప్ టప్ మని చిట్లే చప్పుడు వినసొంపుగా ఉంటుందని మేనేజరు నీళ్ళు చల్లనివ్వడు. వేలికి గుడ్డపీలిక చుట్టుకుంటే ఫొటోలో బాగుండదని అదీ చుట్టుకోనివ్వడు. రెండో వరసలో ఉన్న ముసలాయన కోడలి బొటనవేలు అప్పటికే పగిలి నెత్తురు కారుతోంది. ఆమె దాన్ని చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంటూ ఒలుస్తోంది.

"ఇదిగోనమ్మా, మీ గురువుగారు!" అన్నాడు మేనేజరు చప్పట్లు కొట్టి. "తాతా, ఆ పాట మొత్తం వీళ్ళకి నేర్పెయ్. రెండు గంటలు టైముంది."

"ఏ పాట సారూ?"

"అదేనయ్యా, గలగల గింజలు. మొన్న మీ కోడలు రెండు లైన్లు పాడింది. ఫోన్లో పట్టి పెద్ద సారుకి పంపితే ఆయన ఎగిరి గంతేశారు. వాళ్ళ తాతగారి రోజుల్లో ఇక్కడే, ఇదే పాట పాడుతూ ఒలిచేవాళ్ళట కదా! మిగతాది మా మామకే వచ్చు అంది మీ కోడలు."

ముసలాయన కోడలి వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ఆమెను అనడానికీ లేదు. మొగుడు ఇటుకల లారీ మీద నుంచి పడి నడుం విరగ్గొట్టుకుని ఏడాదిగా మంచం మీద ఉన్నాడు. ఇల్లు ఆమె రెక్కల మీద నడుస్తోంది. రోజు కూలి కాకుండా ఒకటో తారీఖు నుంచి నెల జీతంలో పెట్టుకుంటానని మేనేజరు మాటిచ్చాడు. ఆ మాట జారిపోకుండా పట్టుకోవడానికి ఆమె తన దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటే అతని ముందు పెడుతూ వచ్చింది. పాట కూడా పెట్టింది.

"ఇంకో లాభం కూడా ఉంది తాతా," అన్నాడు మేనేజరు మూలనున్న కాటా మీద చెయ్యేసి. "పోయిన వారం తూకంలో కిలోన్నర తేడా వచ్చింది. పాడే నోట్లో గింజ పడదు కదా! ఎలా ఉంది మన ఐడియా?"

ఈ తెలివి లోకంలో తనకే మొదట పుట్టిందనుకున్నాడు పాపం. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు మర్యాదకు నవ్వారు. ముసలాయనకు మేనేజరు మూతి మీద ఒక్కటివ్వాలనిపించింది. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే మేనేజరు మాట్లాడుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు.

ముసలాయన వరసల మధ్య పీట మీద కూలబడ్డాడు. కోడలు చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు గొంతుక్కూర్చుంది.

"మామా, నీకు దణ్ణం పెడతా. నాలుగు ముక్కలు చెప్పెయ్. ఒకటో తారీఖు ఇంక నాలుగు రోజులే ఉంది."

"ఆ పాట ఈ వెధవ ముందు ఎందుకు పాడావే?"

"పాడితే ఏం? బంగారమా అది? పిల్ల కడుపునొప్పని ఏడుస్తుంటే నువ్వే కదా భుజాన వేసుకుని పాడేది. జోలపాట అనుకున్నా. అది కాదని ఎప్పుడైనా చెప్పావా నాకు?"

చెప్పలేదు, నిజమే. కొడుక్కి చెప్పలేదు, పోయిన భార్యకూ చెప్పలేదు. చెప్పుకోవాలంటే సిగ్గేసింది. అవమానం చేసినవాడు హాయిగా బతికి పోతే, ఆ సిగ్గు మాత్రం పడ్డవాళ్ళ ఇంట్లోనే డెబ్బై ఏళ్ళుగా కాపురం చేసింది. నీళ్ళు తాగి, చెంబు పక్కన పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఈ రేకులు లేవు. గడ్డి కప్పు. కింద బండలు మాత్రం ఇవే. బస్తా కాయలు ఒలిస్తే రెండు సేర్ల జొన్నలు కూలి. ఒలిచినంతసేపూ పాడుతూనే ఉండాలని ఆసామి, అంటే ఇప్పటి పెద్ద సారు తాత, పెట్టిన కట్టడి. మేస్త్రీ బయట మంచం మీద కూర్చునేవాడు. వాడికి కళ్ళు సరిగ్గా ఆనవు గానీ చెవులు మాత్రం పాము చెవులు. మొదట్లో ఆడవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. ఈ వరస గొంతెత్తి పాడుతుంటే ఆ వరస గుప్పెడు గింజలు మింగేది, తర్వాత ఆ వరస పాడేది. వారం రోజులు సాగింది. వాడు కనిపెట్టి, ఒక్కొక్కరి గొంతూ విడిగా గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. "మూడో మనిషీ, వినబళ్ళేదు!" అని మంచం మీద నుంచే కేకేసేవాడు. ఆసామి ఇంటికొచ్చిన చుట్టాలు అరుగు మీద కూర్చుని, మీ కూలీలు ఎంత సంతోషంగా పని చేస్తారో అని మెచ్చుకునేవాళ్ళు.

"మూడో మనిషి మా అమ్మ," అన్నాడు ముసలాయన. "చెల్లెలు ఒళ్ళో ఉంది. పది నెలల పిల్ల. అమ్మకి పాలు ఎండిపోయినయ్. నాలుగు గింజలు మెత్తగా నమిలి పిల్ల నోట్లో పెడదామని చూసింది. నాలుగంటే నాలుగే. పాట ఆగింది."

ఆడవాళ్ళ చేతులు ఆగలేదు కానీ, ఒలిచే చప్పుడు పలచబడింది.

"వాడు లోపలికొచ్చి అమ్మ దవడలు పట్టి నోరు తెరిచాడు. వేలు పెట్టి కెలికాడు. నమిలిందంతా బండ మీద ఉమ్మించాడు. నాకు ఏడేళ్ళు. అమ్మ కొంగు పట్టుకుని నిలబడి చూస్తున్నా. ఆ పూటంతా మిగతావాళ్ళని నోరు మూసుకోమని, అమ్మ ఒక్కదాని చేత పాడించాడు. పాడింది. అరుగు మీదున్నవాళ్ళు, ఎవరమ్మా ఆ గొంతు, భలే ఉందే అన్నారు."

"పిల్లో?" అని అడిగింది పక్కన కూర్చున్న పొడుగామె. ఆమెను అందరూ అలాగే పిలుస్తారు.

"ఆ ఎండాకాలం దాటలేదు."

ముసలాయన తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అమ్మ ఆ తర్వాత ఇంకో పద్నాలుగేళ్ళు ఇదే కొట్టంలో ఇదే పాట పాడింది. ఇంట్లో మాత్రం గొంతెత్తి పిల్లల్ని పిలిచేది కూడా కాదు. అతను పదేళ్ళకే మడి దున్నాడు, పన్నెండేళ్ళకు బస్తాలు మోశాడు, పని చేసిన చోటల్లా ఎన్నో పాటలు విన్నాడు. ఏవీ నిలవలేదు. మనవరాలు గుక్కపట్టి ఏడ్చిన రోజున లాలి పాడదామని నోరు తెరిస్తే అదే వచ్చింది.

"నాకు వచ్చిన పాట అదొక్కటేనమ్మా," అన్నాడు కోడలితో. "పాట కూడా కాదు. నూర్పిళ్ళప్పుడు గింజ తినకుండా ఎడ్ల మూతికి తాళ్ళ బుట్ట కడతారే, చిక్కం, అది. ఎడ్లకైతే సాయంత్రం విప్పేవాళ్ళు."

కోడలి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాటితోపాటే కోపమూ వచ్చింది.

"ఇప్పుడా చెప్పేది?" అంది పళ్ళు బిగబట్టి. "ముందే చెబితే నా నోరు నేను కుట్టేసుకునేదాన్ని. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్? ఇంటికెళ్ళి నీ కొడుక్కి, పిల్లకి ఈ కథ వండి పెట్టనా?"

లేచి తన చోటుకు వెళ్ళి విసురుగా కాయలు ముందుకు లాక్కుంది.

గేటు దగ్గర బస్సు హారన్ మోగింది. చెప్పిన టైముకంటే అరగంట ముందే వచ్చింది. మేనేజరు పరుగున వచ్చాడు.

"అయిందా? ఏదీ, ఒక్కసారి వినిపించండి."

ఆడవాళ్ళు తల దించుకుని కాయలు ఒలుస్తూనే ఉన్నారు.

"తాతా?"

"నేను నేర్పను సారూ."

"నేర్పనంటే?"

"నేర్పనంటే నేర్పను. పాడను కూడా. మీ పెద్ద సారుకి అంత సరదాగా ఉంటే వచ్చి ఇక్కడ కూర్చుని ఆయన్నే పాడమనండి. గింజలు నేను లెక్కపెడతా."

మేనేజరు మొహంలో నవ్వు అలాగే ఉంది. అవతల అతిథులు బస్సు దిగుతున్నారు, అందుకని ఉంది. గొంతు మాత్రం దించాడు. "చొక్కా, తలగుడ్డ స్టోరులో పడేసి నడు. రేపట్నుంచి రావద్దు. తిన్న ఇంటికి ఇంత విశ్వాసం లేనివాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు."

"తిననిస్తే కదా," అన్నాడు ముసలాయన. తలగుడ్డ అక్కడే విప్పి పీట మీద పెట్టాడు. పొడుగామె చెయ్యందిస్తే పట్టుకుని లేచాడు.

మేనేజరు అప్పుడే అతన్ని మర్చిపోయి కోడలి వైపు తిరిగాడు.

"నీకు వచ్చు కదమ్మా. నువ్వు ఎత్తుకో, వీళ్ళు అందుకుంటారు. ఆ రెండు లైన్లే తిప్పి తిప్పి పాడండి, చాలు. నీ కాయితం నా టేబుల్ మీదే ఉంది, సంతకం పెట్టడమే తరువాయి."

అతిథులు షెడ్డు గుమ్మంలోకి వచ్చేశారు. ముందున్న ఒకావిడ ఫోన్ పైకెత్తి పట్టుకుంది. కోడలు మామ వైపు చూసింది. ఆ చూపులో జాలీ లేదు, మన్నింపూ లేదు. ఇన్నాళ్ళూ దాచి ఇవాళ నెత్తిన పడేసినందుకు అతన్ని ఆ క్షణాన కాల్చేసేలా ఉంది. ముసలాయన తట్టుకోలేక తల దించుకున్నాడు. పాడుతుందనుకున్నాడు. పాడినా తప్పుపట్టే హక్కు తనకు లేదని కూడా అనుకున్నాడు.

"మర్చిపోయానండి," అంది కోడలు.

"మొన్ననేగా పాడావ్? నా ఫోన్లో ఉంది!"

"అవునండి. మొన్న పాడాను."

"మరి?"

ఆమె ఒక కాయ తీసుకుని పగిలిన వేలితోనే చిట్లించింది.

"మర్చిపోయానండి," అంది, గుమ్మంలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా.