సైపాన్‌కు సర్దిన పెట్టె

పెట్టె బడి పంతులమ్మ దగ్గర అరువు తెచ్చింది. మసునో దాన్ని కుంపటి పక్కన చాప మీద తెరిచి పెట్టుకుని కూర్చుంది. వాళ్ళ ఊరున్న నీగతా కొండల్లో ఆ ఏడు మంచు కిటికీల సగం దాకా పేరుకుపోయింది. ఆమె వెళ్ళేది మాత్రం ఏడాది పొడుగునా చెమటలు కారే సైపాన్ ద్వీపానికి. అందుకని అటక మీది ఎండాకాలపు బట్టలు దింపించి, పలచటివి ఏరి మడతపెడుతోంది.

యుద్ధంలో ఆ ద్వీపం మీద చనిపోయినవాళ్ళ కుటుంబాలను జిల్లా సంఘంవాళ్ళు తీసుకెళ్తున్నారు. ఇంటికి ఒక్కరే. ఈ ఇంట్లో అలా పోయినవాడు పెద్దకొడుకు ఎయిజి. అతని తల్లి ఇసే తానే పోతానంది గానీ మోకాళ్ళు లేవనివ్వవు. ఇక మిగిలింది ఎయిజి భార్య.

ఎయిజి భార్య అని సంఘంవాళ్ళు పిలిచినప్పుడు మసునో పలకడానికి కొంచెం ఆలస్యమైంది. ఆ పేరుతో ఆమెను పిలిచి చాలాకాలమైంది. పెళ్ళయిన మొదటి చలికాలం దాటకుండానే ఎయిజి ఓడ ఎక్కాడు. ఆ తర్వాత అతని అస్థికలంటూ తెల్లగుడ్డ చుట్టిన చిన్న చెక్కడబ్బా ఇంటికొచ్చింది. లోపల ఎముకలు లేవు, పేరు రాసిన చీటీ ఉంది. యుద్ధం ముగిశాక, పొలానికి మగదిక్కు ఉండాలని, పనిమంతురాలైన కోడలు పుట్టింటికి పోకూడదని, ఇసే ఆమెను చిన్నకొడుకు టొకుజోకు కట్టబెట్టింది. మరిది ఆమె కంటే మూడేళ్ళు చిన్నవాడు. పెళ్ళయ్యాక కూడా కొన్నాళ్ళు నోరు తిరగక "వదినా" అనే పిలిచాడు. తర్వాత అది మాని "ఇదిగో" అనడం మొదలెట్టాడు. కూతురు పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని నాగఓకా పట్నం వెళ్ళిపోయినా ఆ పిలుపు మాత్రం మారలేదు.

అంతా సద్దుమణిగిందనుకున్నారు. రెండేళ్ళ కిందట సైపాన్‌కు దగ్గర్లోని ఇంకో ద్వీపం అడవిలోంచి, యుద్ధం నాటి నుంచి దాక్కున్న తమ సైనికుడు ఒకడు ప్రాణాలతో బయటికొచ్చాడని రేడియోలో చెప్పారు. ఆ పూట నుంచి ఇసే పెద్దకొడుకు పేరున దీపం పెట్టడం మానేసింది.

ఇప్పుడు ఆమె గోడ పట్టుకుని నడిచొచ్చి, చంకలోని మూటను పెట్టెలో దించింది. ఇస్త్రీ చేసిన చొక్కా, లాగు, నడుముపట్టీ, తోలుబూట్లు.

"ఇవెందుకత్తా?" అంది మసునో.

"ఎందుకేంటే? వాడు ఏం తొడుక్కుని రావాలి? ముప్పై ఏళ్ళనాటి గుడ్డ ఇంకా ఒంటిమీద ఉంటుందా?"

"విమానంలో బరువు చూస్తారట. బియ్యం, మోచీ ముద్దలు, సాకే సారా సీసా, మన బావి నీళ్ళు. వీటికే సరిపోయింది."

ఇసే వంగి పెట్టెలో వెతికి అగరొత్తుల కట్ట బయటికి తీసింది. "అయితే ఇది తీసెయ్. ఇది చచ్చినవాళ్ళకి."

"అందరూ తెస్తారత్తా. గురువుగారు కూడా వస్తున్నారు, మంత్రాలు చదువుతారు."

"అందరి కొడుకుల సంగతి నాకెందుకు? చదవనీ వాళ్ళ కొడుకులకి." కట్టను కుంపటి అవతలికి విసిరింది. "నువ్వు అడవి వైపు వెళ్ళి పేరుపెట్టి పిలు. చిన్నప్పుడు తిట్టినా పలికేవాడు కాదు, బుజ్జగిస్తే వచ్చేవాడు."

మసునో బూట్లు తీసి చాప మీద పెట్టింది. వెంటనే ముసలామె వాటిని మళ్ళీ లోపల పెట్టింది. కోడలు మళ్ళీ తీసింది.

"తెలుసులే," అంది ఇసే. "వాడు రాకపోతేనే నీకు సుఖం. ఇద్దరు మొగుళ్ళ మధ్య ఎక్కడ పడుకోవాలా అని నీ బెంగ."

మసునో చేతులు ఆగిపోయాయి. ఆ ఇంటికొచ్చాక అత్తకు ఎదురుచెప్పని మనిషి ఆమె. "ఆ రెండో పెళ్ళి నేనడిగానా?" అంది నెమ్మదిగా. "పుట్టింటికి పంపించమని కాళ్ళు పట్టుకున్నాను. గుర్తుందా మీకు?"

ఇసే కుంపటిలోని బొగ్గులు ఎగదోసింది. తర్వాత ఆమె గొంతులోంచి వచ్చిన మాటలో కరుకుదనం లేదు. "నేనే చేశాను. వాడికి అదే చెప్పు. అమ్మ చేసిందని చెప్పు. నిన్నేమీ అనడు. నన్ను కూడా అనడు. వాడు అలాంటివాడు కాదు."

అప్పుడే టొకుజో ఇంటికప్పు మీది మంచు తోసేసి, భుజాలు దులుపుకుంటూ లోపలికొచ్చాడు. పెట్టె పక్కన అన్న బూట్లు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పెట్టెలోంచి బియ్యం సంచీ తీసి సగం ఒంపేసి, ఆ జాగాలో బూట్లు కుక్కాడు.

"బిగుతైపోతాయేమో," అన్నాడు. "చెప్పుల్లేకుండా తిరిగినవాడి పాదాలు వెడల్పవుతాయి."

"నువ్వు కూడానా," అంది మసునో.

"అమ్మ చెప్పినట్టు చెయ్యి." అతను మూత మూసి కొక్కెం పెట్టడానికి తంటాలు పడ్డాడు. "అన్నయ్య కనిపిస్తే ఈ ఇల్లు, పొలం ఆయనవే. నేను నాగఓకాలో అమ్మాయి దగ్గరికి పోతా. ఏదో ఒక పని దొరక్కపోదు."

"మరి నేనో?"

కొక్కెం పడింది. అతను దాన్నే చూస్తూ, "నువ్వు అన్నయ్య భార్యవి కదా," అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆమె తట్టుకునేది. ఇన్నేళ్ళూ అతను పక్కమీద కూడా ఎవరిదో సొమ్ము కాపలా కాస్తున్నట్టే ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. జ్వరాలకు తడిగుడ్డ వేసిన చెయ్యి, నాట్లలో పక్కపక్కన వంగిన నడుము, కన్న బిడ్డ, అన్నీ అరువుకిందే జమపడ్డాయి. ఏడవాలనిపించింది గానీ, ఎవరి కోసమో తేల్చుకోలేక ఊరుకుంది.

సైపాన్‌లో ఎండ కళ్ళు పొడిచింది. సముద్రం నీలంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. సంఘంవాళ్ళు బస్సులో తిప్పి ఒక కొండకొమ్ము దగ్గర దించారు. మీవాళ్ళు ఎక్కడ పోయారో చెప్పలేం, ఇక్కడే అనుకోండి అన్నారు. గురువు మంత్రాలు చదువుతుంటే ఆడవాళ్ళు పేర్లు పెట్టి పిలిచి ఏడ్చారు. మసునో బావి నీళ్ళు నేలమీద పోసింది. నేల క్షణంలో తాగేసింది. తర్వాత అత్త చెప్పిన ప్రకారం ముళ్ళపొదల వైపు నడిచి, "ఎయిజీ" అని పిలిచింది.

ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. వచ్చింది టొకుజో ముఖం. కళ్ళు మూసుకుని ఎంత ప్రయత్నించినా ఆ నెరిసిన కణతలే, ఆ వంచిన మెడే. ఇరవై నాలుగేళ్ళ ఎయిజి ఆమె లోపల కూడా ఎక్కడా లేడు. పొదల్లోంచి ఏదో పిట్ట లేచిపోయింది. రాకూడదు, రాకూడదు అని తను లోలోపల వేడుకుంటున్నట్టు విని, అక్కడే చతికిలపడిపోయింది. పక్క ఊరి ముసలామె వచ్చి లేవదీసింది. "ఏడువమ్మా, మంచిది," అంది. మసునో కళ్ళలో చుక్క నీరు లేదు.

ఇంటికి వచ్చేసరికి ఇసే గడప దగ్గర కూర్చుని ఉంది. కోడలి వెనకాల రోడ్డు వైపు చూసింది.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే అత్తా."

"పిలిచావా?"

"పిలిచాను."

"ఎలా పిలిచావు?"

మసునో, బూట్లు ఇంకా లోపలే ఉన్న పెట్టెను నేల మీద దించింది. ముసలామె కోడలి ముఖాన్ని చదివింది. "నువ్వు పిలిస్తే వాడెందుకొస్తాడే," అని లోపలికి పాక్కుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఇసే కోడలి చేతి వంట ముట్టలేదు. టొకుజో కలిపి పెడితే రెండు ముద్దలు తినేది. మంచు కరిగి నారుమళ్ళు పోసే వేళకు, ఒక పొద్దున ముసలామె లేవలేదు. కర్మలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక టొకుజో తన పరుపు చుట్టుకుని ధాన్యపు గదిలోకి మార్చుకున్నాడు.

"అక్కడ చలి," అంది మసునో.

"ఫరవాలేదు, వదినా," అన్నాడు.

నాట్లకు ఇద్దరూ పొలంలోకి దిగారు. అతను ఆ గట్టు వైపు నుంచి మొదలుపెట్టాడు, ఆమె ఈ గట్టు వైపు నుంచి. మధ్యకు వచ్చేసరికి చీకటి పడింది. అతను ఆమె కోసం ఆగకుండా కాళ్ళు కడుక్కుని ఇంటిదారి పట్టాడు.