వరిగన్నపుటావిరి

తన తల్లి చితికి నిప్పంటించిన దినమున మా కూతురు హిమబిందు రాలేదు. అది జరిగిన సంగతి. దానికి సాక్షులక్కఱలేదు.

కార్తికము ప్రవేశించిన యొక శనివారపు ప్రాతఃకాలమున బెలారుసు దేశరాజధానియగు మిన్స్కు నగరమునకు దాపున తుహినకణభారముచే తలవంచిన పచ్చికబయళ్ల నడుమ, ఆకులన్నియు రాల్చుకొని నదీస్నానము చేసి గట్టెక్కి వడకుచున్న జనులవలె ధవళకాండములతో వరుసదీఱిన భూర్జతరువుల కావల, కొంగలు విడిచి దక్షిణదిక్కునకు పోయిన పుల్లల గూడొకటి యున్నతస్తంభాగ్రమున శూన్యకిరీటమువలె మిగిలియుండగా, ధూసరవర్ణమగు పల్లెయొకటి మంచులోనుండి మెల్లమెల్లగా వెలువడెను. అది జనులు కాపురముండు పల్లె కాదు. ఆ దేశపు పూర్వకాల గ్రామజీవనమును కన్నులకు గట్టించుటకై దూరగ్రామములలోని కొయ్యయిండ్లను దూలము దూలముగా విప్పి ప్రతి దూలమునకును గుర్తు వైచి బండ్లమీద చేర్చి సందులలో నాచు కూరి గడ్డి కప్పి మునుపటివలెనే నిలువబెట్టిన బయలు ప్రదర్శనశాల.

నేను పొగాకు పండించువాడను. మా యూరి బడి చెప్పినదే నా చదువు. హిమబిందు ఆ నగరమున వైద్యవిద్య కడపటి యేట నుండెను. తల్లి పోయిన నాటినుండి ఫోనులో మా మాటలు తిన్నావా తిన్నాననుటతోనే ముగియుచుండెను. ఒక్కసారి వచ్చి తానున్న చోటు చూచి పొమ్మని వేడుకొనగా వచ్చితిని. చూచుటకు గాదు. ఏల రాలేదని ముఖాముఖి యడిగి తగిన యుత్తరము రానిచో మా గడప నిక తొక్కవలదని చెప్పి మఱునాటి విమానమెక్కుటకు వచ్చితిని.

"నాన్నా, మఫ్లరు చెవులకు చుట్టుకో. చలి పడదు నీకు."

"నాకేం చలి? కడుపులో మంట చాలదూ."

ఆమె వినీవిననట్లు ముందు నడిచి యొక యింటి యెదుట నిలిచెను.

"ఈ ఇల్లు చూడు నాన్నా. ఎక్కడో అడవి పక్క ఊళ్ళోదంట. మొత్తం ఊడదీసి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు."

"నిలబెట్టారులే. ఉండే మనిషి లేని ఇల్లు ఎక్కడుంటే ఏంది?"

హిమబిందు ముందుకు పోయి తలుపు తట్టెను. అడుగవలసిన మాట నాలుక చివరకు వచ్చెను. అంతలో తలుపు తెఱచుకొనెను. నారబట్ట యంగీమీద ఎఱ్ఱదారపు కుట్టుపని మెఱయుచుండగా స్థూలకాయయగు వృద్ధురాలొకతె వెలుపలికి వచ్చి మా కూతురిని బిడ్డను వలె కౌగిలించుకొనెను. ఆమె పేరు యద్వీగ. ఆ యింటిని కనిపెట్టుకొనియుండి వచ్చినవారికి చూపుట యామె పని.

లోపల గదిలో నాలవపాలు మట్టిపొయ్యియే యాక్రమించియుండెను. దానిపై పండుకొనుటకు తగిన తావు కలదు. తూర్పుమూలను దేవతాపటమునకు ఎఱ్ఱంచు కుట్టిన తెల్లని తువ్వాలు వ్రేలాడుచుండెను. ఆ పటము క్రింద పొడవైన బల్లమీద తేనె కలిపిన బార్లీ యన్నమును అట్లును పుట్టగొడుగుల పులుసును నల్లరొట్టెయు నమర్చి కొందఱు స్త్రీపురుషులు మౌనముగా కూర్చుండియుండిరి. మా కూతురు తాను తెచ్చిన మూట విప్పి ఏదియో వెచ్చచేసి బల్లమీద పెట్టి మరల పొయ్యికడకు పోయెను. నేను ద్వారముకడ నొంటిగా నిలిచితిని.

బల్ల కొనను ఒక చోటు ఖాళీగా నుండెను. దాని యెదుట మట్టిగిన్నెలో ఆవిరి లేచుచుండెను. చూచితిని. వరిగన్నము, మా మెట్టపొలముల చిఱుధాన్యపు అన్నము. దానిపై చింతపండు పులుసు. మా యింట నెన్నడో ఆగిపోయిన వంట. నా కొఱకు వండినదనుకొని పోయి కూర్చుండి చేయి పెట్టి కలిపి ఒక ముద్ద నోట వైచుకొంటిని.

ఎత్తిన చెంచాలు ఎత్తినట్లే నిలిచెను. హిమబిందు గరిటెతో వెనుదిరిగి చూచి పాలిపోయెను.

"నాన్నా... అది నీకు పెట్టింది కాదు."

"మరెవరికి? ఈ దేశంలో వరిగన్నం తినేవాళ్ళు ఇంకెవరున్నారు?"

"అమ్మకి."

ఆమె మెల్లగా చెప్పినది యిది. శరత్తు ముగియువేళ ఆ దేశస్థులు గతించినవారిని భోజనమునకు పిలుతురు. ప్రతి వంటకములోను మొదటి చెంచాను వారి కొఱకు వేఱుగిన్నెలో పెట్టుదురు. చోటు విడిచియుంతురు. లేచు నావిరియే వారి భోజనమందురు. పిదప నొక్కొక్కరే తమవారి పేరు బిగ్గరగా పలుకుదురు. తల్లి పోయిన యేటినుండి హిమబిందు ఏటేట ఆ బల్లకడకు వచ్చుచుండెను. వరిగలు ఆ యూరి యంగడిలో గంజికై యమ్ముదురట. చింతపండు నేను ఆమె స్నేహితుల చేతికిచ్చి పంపినదే.

పెట్టిన కూడు ఎంగిలిచేసితిని. లేవబోతిని. యద్వీగ నా భుజముమీద బరువైన చేయి వైచి కూర్చుండబెట్టి బిగ్గరగా నేదియో యనెను. అందఱును నవ్విరి. హిమబిందు కన్నీళ్ల నడుమ పెదవి బిగపట్టెను.

"ఏమంది?"

"వద్దులే నాన్నా."

"చెప్పు."

"అంకమ్మ చోట్లో అంకమ్మ మొగుడు కూర్చున్నాడు, బతికుండగా ఎప్పుడన్నా ఆమెకు ముందు పెట్టి తర్వాత తిన్నాడేమో అడుగు అంటంది."

అంకమ్మ. ఆ వృద్ధురాలి నోట ఆ పేరు తడబాటు లేక వచ్చెను. అచట కూర్చున్న వారందఱికిని ఆ పేరు తెలియును. మా యిండ్లలో మగవాడు భార్యను పేరుపెట్టి పిలువడు. ఏమే యని పిలిచితిని, ఇదిగో యని పిలిచితిని. ఆమె పోయిన పిదప పిలుచుటయే లేదు. సప్తసముద్రముల కీవల, మా భాష యొక్కముక్కయు రాని జనులు, ఏటేట నామెను పేరుపెట్టి యన్నమునకు పిలుచుచుండిరి.

"ఇంకో గిన్నె తే అమ్మా" అంటిని.

హిమబిందు తెచ్చెను. చేయి కడుగుకొని కుండలోని వరిగన్నము నా చేతితోనే మొదటి గరిటె పెట్టి పులుసు పోసి లేచి ఆ చోట గిన్నె నిలిపి ప్రక్కకు జరిగి నిలిచితిని. వారందఱు నా ముఖము చూచుచుండిరి. పలుకవలసిన వంతు నాది.

"అంకమ్మా" అంటిని. మరల బిగ్గరగా "అంకమ్మా, రా, తిను" అంటిని.

ఆవిరి తిన్నగా పైకి లేచి దూలముల సందులలోని నాచును తాకి కనబడకుండ పోయెను. యద్వీగ తన యంగీచెంగుతో కండ్లొత్తుకొని నా ముందొక రొట్టెముక్క విసరినట్లు పెట్టెను.

"ఇప్పుడు నిన్ను తినమంటంది నాన్నా."

తింటిమి. కొంతసేపటికి హిమబిందు చెంచా దించి నా వంక చూడక పలికెను.

"నాన్నా, ఆ రోజు నేను ఎందుకు..."

"అన్నం చల్లారిపోతంది. తిను."

"ఎప్పటికైనా చెప్పాలి గదా."

"చదువు ఎప్పుడయిపోతది?"

"ఎండాకాలం."

"అయితే నేరుగా ఇంటికి రా. ఈ ఏడు పొగాకు పక్కన నాలుగు సాళ్ళు వరిగ వేస్తా. వండేది మాత్రం నువ్వే. పులుసులో ఉప్పు తక్కువైంది."

ఆమె నవ్వెను. తల్లి నవ్వే.

మఱునాడు విమానమెక్కితిని. జేబులో ఆ యంగడిలో వెదకి పట్టిన పొట్టు తీయని వరిగలు పిడికెడు విత్తనమునకు తెచ్చుకొంటిని. తల్లి చితికి కూతురేల రాలేదో నేనెఱుగను. అడుగలేదు. ఆ మాట కిదియే కడపటి తావు. ఇక నెన్నడును నా నోట నది రాదు.