రెండు చేతులు చాలని యంత్రం

నేను ఒక యంత్రాన్నే గాని, ఒంటరి మనిషికి పనికొచ్చే యంత్రాన్ని కాను. పిడి పట్టి తిప్పడానికి ఒకరు, తడితడిగా బయటికొచ్చే కాగితాలు అందుకుని ఆరబెట్టడానికి మరొకరు కావాలి. నన్ను సైక్లోస్టైల్ అనేవారు. మైనం పూసిన పల్చటి కాగితాన్ని స్టెన్సిల్ అంటారు. దాని మీద ఇనుప ములికితో రాస్తే, గీసినచోట మైనం లేచిపోతుంది. ఆ స్టెన్సిల్‌ని నా డ్రమ్ముకు చుట్టి తిప్పితే గీతల్లోంచి ఇంకు దిగి, ఒకరు రాసింది వందలమందికి చేరుతుంది. కడుపులో మాట దాచుకోవడం మా జాతిలో లేదు.

పుట్టింది కలకత్తాలో. మొదట చేరింది బళ్లారిలో ఒక హైస్కూలుకు. పరీక్ష పేపర్లు నా మీదే వేసేవారు. హెడ్మాస్టరుగారు నా గదికి తాళంవేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవారు. అయినా ఏటా పేపరు ముందుగానే బయటికి పొక్కేది. పొక్కించింది మనుషులు, అమ్ముడుపోయింది నేను. పేపరు పొక్కించిన గుమాస్తా మీద కోపం వస్తే యంత్రాన్ని మార్చడం మనుషులకు సులువు.

అలా నీలాంబిక ఇంటికొచ్చాను. ఆమె కన్నడంలో కథలు రాసేది. ఇంట్లో కన్నడం, బజారులో తెలుగు. బళ్లారిలో సగం మంది బతుకు అంతే. పెళ్ళి చేసుకోలేదు. పత్తి మిల్లులో పనిచేసే ఆడవాళ్ళ వెంట తిరుగుతోందని అన్నదమ్ములు రాకపోకలు మానేశారు. ఆ ఆడవాళ్ళ కోసమే ఆమె నాలుగు పేజీల పత్రిక నడిపేది. రాసేదీ స్టెన్సిల్ గీసేదీ ఆమే. తిప్పడానికి మాత్రం మనిషి లేదు.

అప్పుడొచ్చింది సుంకమ్మ. ఆలూరు దగ్గర పల్లెనుంచి కరువుకు వలస వచ్చి మిల్లులో చేరిన మనిషి. కొడుకు ఒక్కడు, నాలుగో తరగతి. దూది ఎగేసి ఎగేసి కాయకట్టిన చెయ్యి ఆమెది. నా పిడి మీద పడగానే నాకే ధైర్యం వచ్చింది. ఎంతోమంది నన్ను తిప్పారు గాని, తిప్పేముందు గుడ్డతో తుడిచింది సుంకమ్మ ఒక్కతే.

ఆమెకు చదువు రాదు. అచ్చు వేసేముందు తప్పులు చూసుకోవడానికి స్టెన్సిల్‌ని కిటికీకి అడ్డంపెట్టి చూడాలి. నీలం కాగితంలో అక్షరాలు వెలుతురుగా కనిపిస్తాయి. నీలాంబిక వాటి మీద వేలుపెట్టి చూపించేది, సుంకమ్మ పలికేది. రెండేళ్ళలో కన్నడ అక్షరాలన్నీ ఆ కిటికీ దగ్గరే పట్టుబడ్డాయి. ఆ రెండేళ్ళూ ఆ గదిలో నవ్వులుండేవి. నా జీవితంలో సుఖపడిన కాలం ఏదంటే అదే.

ఒక వానమధ్యాహ్నం, కాగితాలు ఆరక ఇద్దరూ ఖాళీగా కూర్చున్నప్పుడు సుంకమ్మ ఒక మాట చెప్పింది. కరువు ముదిరిన ఏడు ఇంట్లో ఒక గిన్నెడు గంజి మిగిలిందట. పిల్లలు ఇద్దరు. కొడుక్కు పోసింది. కూతురు మూడోరోజు పోయింది.

"ఎవురికీ చెప్పలేదక్కా. నీకే చెప్తాండా" అంది.

నీలాంబిక ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే. ఆ తర్వాత రాయడానికి కూర్చోవడమూ నిజమే. రాసేవాళ్ళలో ఈ రెండూ ఒకే ఇంట్లో కాపురముంటాయి.

నెల తిరక్కుండా మిల్లులో సమ్మె మొదలైంది. పనివాళ్ళ పిల్లలకు మిల్లు ఆవరణలోనే ఒకపూట కూడు పెట్టాలన్నది కోరిక. సభకు ముందురోజు పత్రిక వేయాలి. ఆ సంచికలో నీలాంబిక కొత్త కథ ఉంది. తొందరలో కిటికీ దగ్గర చూసుకోనేలేదు, నేరుగా డ్రమ్ముకు చుట్టేసింది. ఆ రోజు ఆరబెట్టేది నీలాంబిక, తిప్పేది సుంకమ్మ. తిప్పుతూ తిప్పుతూ, పళ్ళెంలోకి జారుతున్న కాగితాల్లో ఒక మాట దగ్గర ఆమె కళ్ళు ఆగాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండు వాక్యాలు చదివింది. మూడో వాక్యంలో గిన్నె ఉంది. పిడి ఆగిపోయింది.

"ఇది నా గంజి గదక్కా" అంది.

"పేరు మార్చినాను సుంకమ్మా. ఊరు కూడా మార్చినాను. ఎవరికీ తెలీదు."

"పేరు మారిస్తే గంజి మారుతాదా? నా కొడుకు బడికి పోతాండాడు. రేప్పొద్దున ఇది చదివి, చెల్లెలి గంజి తాగి బతికినానని వాడనుకుంటే? నేను యాడికి పోవల్ల?"

నీలాంబిక సమ్మె గురించి ఏదో చెప్పబోయింది. సుంకమ్మ చేతికంటిన ఇంకు కొంగుకు తుడుచుకుని వెళ్ళిపోయింది.

అప్పటికి వచ్చిన కాగితాలు అరవై ఉంటాయేమో. అక్కడితో ఆపేస్తే కథ అక్కడితో పోయేది. నీలాంబిక సాయంత్రందాకా నా ఎదురుగా కూర్చుంది. ఆ తర్వాత లేచి, ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో కాగితాలు లాక్కుంటూ మిగతావన్నీ తానే వేసింది. సగం కాగితాలు అలుక్కుపోయాయి. నేను మొరాయించలేదు. ఇంకు పోసి తిప్పితే అచ్చు వేయడం తప్ప నాకేం తెలుసు?

ఆ కథ చదివి సభలో ఆడవాళ్ళు గుండెలు బాదుకున్నారట. పది రోజుల్లో మిల్లువాళ్ళు దిగివచ్చి, పిల్లలకు ఒకపూట కూడు పెట్టడం మొదలుపెట్టారు. ఊరంతా నీలాంబికను మెచ్చుకుంది. సుంకమ్మ మాత్రం ఆ వారమే కొడుకును తీసుకుని ఆలూరు వెళ్ళిపోయి, వాణ్ణి తెలుగు బడిలో వేసిందని తెలిసింది. అక్కడైతే కన్నడ కథ వాడి కంట పడదని ఆమె లెక్క.

నీలాంబిక ఒకసారి బస్సెక్కి ఆలూరు వెళ్ళింది. పొద్దుగూకేసరికి తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నాతో అంది: "ఇంట్లోనే ఉంది. తలుపు తీయలేదు."

ఆ కథను ఆమె ఏ పుస్తకంలోనూ చేర్చలేదు. పాఠంగా పెడతామన్నవాళ్ళకు కుదరదంది. తెలుగులోకి మారుస్తామని ఎవరో ఉత్తరం రాస్తే చించి పొయ్యిలో పడేసింది. ఎందుకో తెలియక పండితులు తలా ఒక సిద్ధాంతం కట్టారు. బిరుదులొచ్చాయి, శాలువాలొచ్చాయి, మనుషులు వచ్చి పోయారు. పిడివైపు సుంకమ్మ కూర్చునే ఎత్తుపీట మీద మాత్రం ఆమె ఎవరినీ కూర్చోనివ్వలేదు. జిరాక్సులొచ్చాక నాకు పనే లేదు. ఆమెకు నేను, నాకు ఆమె.

వెంట్రుకలు నెరిశాక ఒకరోజు నన్ను కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, ఒక కొత్త స్టెన్సిల్ గీసింది. దాన్ని ఇంకు లేకుండానే నా డ్రమ్ముకు చుట్టి, తిప్పకుండా వదిలేసింది. ప్రతి ఉదయం మీది దుమ్ము దులిపేది, వీధివైపు చూసేది. అలా చూస్తూచూస్తూనే ఒక ఏడు ఆమె కన్నుమూసింది.

ఇల్లు గ్రంథాలయమైంది. నా ముందు ఒక అట్ట నిలబెట్టారు: "రచయిత్రి ఒంటిచేత్తో తిప్పిన యంత్రం." ధారవాడ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరుగారు డ్రమ్ము మీది స్టెన్సిల్‌ని చూసి, అక్షరాలు కన్నడమే గాని ముక్క అర్థం కావడం లేదని తల గోక్కుని వెళ్ళిపోయాడు.

పోయిన మాఘంలో ఒక ముసలమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి నన్ను చూసింది. తర్వాత కొంగుతో నా పిడి తుడిచింది. నేను గుర్తుపట్టడానికి అదొక్కటి చాలు.

"అవ్వా, ముట్టుకోవద్దు" అన్నాడు కాపలా ఉండే కొట్రేశు.

"దీన్ని రెండేండ్లు తిప్పిన చెయ్యి నాయనా ఇది."

వాడు అట్టకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు, పక్కకు జరిగాడు. సుంకమ్మ స్టెన్సిల్‌ని మెల్లగా ఊడదీసి, అలవాటుగా కిటికీకి అడ్డం పెట్టింది. అక్షరాలు కన్నడం, మాటలు తెలుగు. ఆమెకు వచ్చిన అక్షరాలు అవి, ఆమె కష్టం చెప్పుకున్న భాష ఇది. గొంతెత్తి, ఆగి ఆగి చదివింది:

"సుంకమ్మా, నువ్వు నాకు చెప్పినావు. నేను ఊరికి చెప్పినాను. నిన్ను అడగలేదు. నువ్వు ఆపినాక మళ్ళా తిప్పింది నేనే. ఇది నువ్వు తిప్పితేనే అచ్చయితాది. లేకుంటే వద్దు."

రెండోసారీ చదివింది. కొట్రేశు కళ్ళు తుడుచుకుని, "యాడన్నా ఇంకు తెస్తానవ్వా, వేద్దామా?" అన్నాడు.

"వద్దు నాయనా. నాకు చెప్పింది గదా, ఊరికెందుకు?" అంది సుంకమ్మ. స్టెన్సిల్‌ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. పోతూపోతూ నా పిడి మీద చెయ్యివేసి, "మా వానికి ఇప్పటికీ తెల్దులే అక్కా" అంది.

ఇప్పుడు నా డ్రమ్ము మీద ఏమీ లేదు. గదిలో మనుషుల్లేని పూటే ఎక్కువ. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇనుముకు పుడకలెక్కడివి? సుంకమ్మను అడక్కుండా ఇదంతా మీకు చెప్పేశాను, అదీ తెలుగులో. ఆలూరులో ఆమె కొడుకున్నాడు. వాడు తెలుగు చదవగలడు.