బయల్దేరిన చోటు

"నీకేం, ఫ్రీ బస్సేగా!" అన్నాడు క్రాంతి కుమార్, ఫోన్ మీంచి చూపు తిప్పకుండానే టీ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ.

ఆ గ్లాసు ఆ చేతిలో పెట్టడానికి స్వర్ణలత మిక్సీ ఆపి, చట్నీ అంటిన వేళ్లు కడుక్కుని, వంటింట్లోంచి హాల్లోకి రావలసి వచ్చింది. బందరులో వాళ్ల వీధి ఇంకా నిద్ర లేవలేదు. పొయ్యి మీద రెండో వాయి ఇడ్లీ ఉడుకుతోంది. మధ్యాహ్నానికి ఇద్దరి క్యారేజీలూ సర్దింది, అత్తగారికి పంచదార లేని టీ వేరుగా కాచింది, నీళ్లు పట్టింది. తాను పనిచేసే ల్యాబ్ వాళ్లు తన దారి ఖర్చులు ఇవ్వడం లేదన్న మాట ఎత్తింది ఈ పనుల నడుమనే. బస్సు అవనిగడ్డ దాకానే ఊరికే తీసుకెళ్తుందనీ, అక్కడి నుంచి పల్లెల్లోకి తిరిగే ఆటోలు ఆడదాన్ని చూసి చార్జీ వదిలెయ్యవనీ చెప్పబోయింది. కానీ అప్పటికే ఆయన తన మేనేజరుకు మెసేజ్ పెడుతున్నాడు, డ్యూటీ మీద బయల్దేరానని. ఇంకా బనీనుతోనే ఉన్నాడు. మొహం కూడా కడుక్కోలేదు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌కు కాపురమున్న ఊరే హెడ్‌క్వార్టర్స్. బండి వాకిలి దాటి పొరుగూరి దారి పట్టిందంటే పెట్రోలు కంపెనీదే. "మాకు ఇల్లే ఆఫీసు" అని ఆయన చుట్టాల దగ్గర గొప్పగా చెప్పుకుంటాడు, అందులో అబద్ధమేమీ లేదు. ఆయనకంటే ముందే అదే వాకిలి దాటి, ఐస్ బాక్సు భుజాన తగిలించుకుని వెళ్లే స్వర్ణలత మాత్రం, ఎవరి లెక్కలోనూ, ఎక్కడి నుంచీ బయల్దేరినట్టు కాదు.

"చేతి డబ్బులు పెట్టుకుని చేసేది ఉద్యోగమెలా అవుద్ది? ఈ నెల కూడా ఇవ్వకపోతే మానెయ్యి. నేను చెప్పాల్సింది చెప్పాను" అన్నాడు టీ తాగుతూ.

"మానేసి ఏం చేస్తుందిరా? ఇంట్లో పనేముంది గనక?" అంది అత్తగారు కృపావతి, మంచం మీంచే. ఆవిడ మాటలో వ్యంగ్యం లేదు. నిజంగానే అడిగింది.

స్వర్ణలత గుడివాడలో ఒక ప్రైవేటు ల్యాబ్‌కు పేషెంట్ల ఇళ్లకు వెళ్లి రక్తం శాంపిళ్లు తీసుకొస్తుంది. దివిసీమ లైను ఆమెది. చేరినప్పుడు మేనేజరు ధర్మారావు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "మీరు పొద్దున్నే ఇంత దూరం గుడివాడ వచ్చి, మళ్లీ వెనక్కి అవనిగడ్డ వెళ్లడమెందుకమ్మా? ఆడవాళ్లు, ఇబ్బంది పడతారు. ఇంటి నుంచే అటు వెళ్లిపోండి. శాంపిళ్లు తీసుకుని చల్లపల్లి, పామర్రు మీదుగా మా దగ్గరకొచ్చేయండి" అన్నాడు. ఆ దయకు ఆమె రెండు చేతులూ జోడించింది కూడా. ఆ దయ ఖరీదు ఎంతో తెలిసింది దారి ఖర్చులకు తాను పెట్టిన క్లెయిము తిరిగొచ్చాకే. గుడివాడ టౌను లైను తిరిగే వసీం ముందు ఆఫీసుకొచ్చి మెషీన్ మీద వేలిముద్ర వేసి బయల్దేరతాడు గనక అతని పెట్రోలు డ్యూటీ ఖర్చు. ఆమె వేలిముద్ర పడేది శాంపిళ్లతో గుడివాడ చేరాక. అంతకు ముందు ఆమె ఎక్కిన బస్సులూ ఆటోలూ, పొడిచిన సూదులూ, మోసిన ఐసూ అన్నీ ఆమె "ఇంటి నుంచి ఆఫీసుకు రావడం" కిందకే వస్తాయి. ఇంటి నుంచి ఆఫీసుకు రావడానికి ఏ కంపెనీ అయినా ఎందుకిస్తుంది? క్లెయిము మీద ఎర్రసిరాతో ఒక్క వాక్యం రాసి పంపారు: ఒక పని చోటు నుంచి మరో పని చోటికి చేసిన ప్రయాణానికి మాత్రమే చెల్లింపు.

ఆ ఉదయం బస్సు మోపిదేవి దాటాక కూడా ఆ వాక్యాన్నే ఆమె మనసులో తిప్పుతూ కూర్చుంది. అవనిగడ్డలో దిగి ఆటో ఎక్కి మొదటి ఇంటికి చేరేసరికి, రిటైరైన మాస్టారు నరసింహంగారు అరుగు మీద చొక్కా చెయ్యి మడిచి సిద్ధంగా ఉన్నారు.

"రామ్మా తల్లీ! నువ్వు రక్తం తీస్తే గానీ ఈ కొంపలో కాఫీ కలపరు. ఇంకాస్త ఆలస్యమైతే తియ్యడానికి రక్తం కూడా ఉండేది కాదు."

ఆమె నవ్వి రబ్బరు పట్టీ బిగించింది. గుమ్మంలో మాస్టారి భార్య స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"మీరు తాగారా అమ్మా కాఫీ?"

"ఆయన తాగకుండా నేనెలా తాగనమ్మా?"

పరగడుపున ఉండమని ఆమెకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఆమె రక్తం ఎవరికీ అక్కర్లేదు. స్వర్ణలత సూది తీసి, దూది అదిమి, సీసా మీద పేరు రాసింది. ఆ ఇంట్లో శాంపిల్ ఒకరిది, ఉపవాసం ఇద్దరిది. ఆ రెండో ఉపవాసాన్ని రాసుకునే గడి ఏ కాగితం మీదా లేదు. ఆ ఆలోచన దగ్గరే ఎర్రసిరా వాక్యం ఆమెకు మరోలా కనిపించింది. ఆటోలో కూర్చుని తిరిగొచ్చిన కాగితం తీసింది. "బయల్దేరిన చోటు" అన్న గడిలో తాను రాసిన "ఇల్లు" అన్న మాట కొట్టేసి, పైన "మొదటి పని చోటు" అని రాసింది.

ఆమె శాంపిళ్లతో గుడివాడ చేరాక, ధర్మారావు దాన్ని చదివి కళ్లజోడు తీశాడు.

"మొదటి పని చోటేంటమ్మా? ఇంకెక్కడైనా చేస్తున్నారా?"

"చేస్తున్నానండీ. మా ఇంట్లో. తెల్లవారకముందే మొదలవుతుంది. అక్కడి నుంచి ఇక్కడికి, అంటే ఒక పని చోటు నుంచి మరో పని చోటికి. మీరు రాసిందే."

ఆయన పగలబడి నవ్వాడు. "వసీం, విన్నావా ఇది!"

"మేడమ్ చెప్పింది కరెక్టైతే సార్, మా అమ్మకి ఓవర్‌టైము కింద ఈ బిల్డింగు రాసియ్యాలి" అన్నాడు వసీం హెల్మెట్ పెట్టుకుంటూ. అని, ఆమె మొహం చూసి తల దించుకుని వెళ్లిపోయాడు.

"చూడండమ్మా," ధర్మారావు గొంతు తగ్గించాడు. "ఇంట్లో చేసుకునేదాన్ని పనంటారా ఎవరైనా? మా ఆవిడా చేస్తుంది. ఇల్లంటే ఇల్లే. లేస్తారు, తింటారు, వస్తారు. దానికీ కంపెనీకీ ఏం సంబంధం? పోనీ, నా మాట వినండి. మీ ఆయన బండి నంబరు వేసి, ఆఫీసు నుంచి వెళ్లినట్టు పెట్రోలు బిల్లు పెట్టండి. నేను పాస్ చేయిస్తాను."

తాను తిరిగిన దారికి డబ్బు రావాలంటే, తాను తిరగలేదనీ, మొగుడి బండి తిరిగిందనీ సంతకం పెట్టాలి. ఆమెకు కోపం వచ్చింది, కానీ ఆ కోపంలో వేడి లేదు. చాలాకాలం తర్వాత ఒక విషయం అంచులతో సహా స్పష్టంగా కనపడినప్పుడు కలిగే చల్లదనమే ఉంది. లేస్తారు, తింటారు, వస్తారు. ఈ రూలు రాసినవాడెవడో, అతనికి అలాంటి ఇల్లు ఉండి ఉంటుంది. తనకంటే ముందే లేచిన మనిషి అతని కంటికి ఆనలేదు. తినేది దానంతటదే పళ్లెంలోకి వచ్చి ఉంటుంది. అతను లేచాడు, తిన్నాడు, ఆఫీసుకొచ్చి, లోకంలో అందరూ ఇలాగే వస్తారని రాసిపెట్టాడు.

"అబద్ధం బిల్లు పెట్టనండీ" అంది. "రేపటి శాంపిళ్లకు పేషెంట్లకి మాటిచ్చాను, వెళ్తాను. సోమవారం నుంచి ముందిక్కడికే వస్తాను. వేలిముద్ర వేసి, ఆఫీసు నుంచే బయల్దేరతాను."

"అప్పుడు మీరు అవనిగడ్డ చేరేదెప్పుడు? అప్పటిదాకా షుగర్ పేషెంట్లు పరగడుపున ఉంటారా?"

"ఉండమని మీరు ఫోన్ చేసి చెప్పండి. నేను చెప్పలేను."

"ఏంటమ్మా ఈ మొండితనం? మీ ఇంట్లో వాళ్లకి తెలుసా ఇది?"

"ఇంటికీ కంపెనీకీ సంబంధం లేదన్నారు కదండీ" అని ఆమె లేచింది. ఆ కాగితాన్ని, కొట్టేసిన మాటతో సహా, ఆయన బల్ల మీదే వదిలేసింది.

ఆ సాయంత్రం ప్రార్థనయ్యాక ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. అంటే ఇద్దరు కూర్చున్నారు, స్వర్ణలత వడ్డిస్తోంది. క్రాంతి కుమార్ పప్పు కలుపుకుంటూ అడిగాడు.

"ఏమన్నారు మీ వాళ్లు?"

"ఇవ్వమన్నారు."

"ఇస్తామన్నారా?" అన్నాడు సరిగ్గా వినకుండానే.

"లేదు. ఇచ్చేది లేదన్నారు."

"చెప్పానా! ఇంక మానెయ్యి. సరేగానీ, రేపు విజయవాడలో మీటింగుంది, పెందలాడే వెళ్లాలి. ఇడ్లీ వద్దు. పూరీ చెయ్యి. కూర కాస్త ఎక్కువ చేస్తే క్యారేజీలోకి కూడా సరిపోద్ది."

స్వర్ణలత గరిటె గిన్నెలో పెట్టింది. ఇంకో పళ్లెం తెచ్చుకుని, ఆయనకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తనకు తాను అన్నం పెట్టుకుంది.

"ఉద్యోగం మాననండీ. ఇవాళ ల్యాబ్‌లో ఒక సంగతి తేల్చారు, నాకో ఇల్లుందట. పొద్దున లేచి, తిని, వెళ్లే ఇల్లు. ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. రేపు నేను అందులోంచి బయల్దేరతాను. పూరీలు ఎవరు వత్తుతారో, ఎవరు వేయిస్తారో మీరూ అత్తయ్యగారూ మాట్లాడుకోండి. నాకు రెండు చాలు."